బొటనవేలి పక్క బొడిపెకు చిన్న కోత ఆపరేషన్: చేయించుకున్నదాన్ని చెబుతున్నా

ముందే చెప్పేస్తాను, ఆపరేషన్‌కు ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆస్పత్రి సర్వీసుకు మూడు. ఆస్పత్రి పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పాలనుకుంటున్నది ఆ బిల్డింగ్ గురించి కాదు, ఆ పద్ధతి గురించి. ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, "కోత లేదు, కుట్లు లేవు, నొప్పి లేదు, మర్నాడే ఆఫీసు" అని ప్రకటనలు. అందులో ఏది నిజం, ఏది నిజం కాదు అన్నది చేయించుకుని ఇంట్లో నెలల తరబడి ఆ కాలితో తిరిగినవాళ్లు చెప్తేనే తెలుస్తుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, చర్మం మీద కోత నిజంగానే చిన్నది, లోపల ఎముకకు పడే కోత మాత్రం పూర్తి కోతే. ఈ రెండూ మనసులో పెట్టుకుని వెళ్తే మీరు సంతోషంగా బయటికి వస్తారు, మొదటిది ఒక్కటే నమ్మి వెళ్తే మాత్రం రెండో వారానికే ఏడుస్తారు.

మాది హైదరాబాద్ కేపీహెచ్‌బీలో కర్రీ పాయింట్. పొద్దున కూరగాయలు తరగడం దగ్గర్నుంచి రాత్రి గిన్నెలు బోర్లించేదాకా నిలబడి చేసే పని. ఎడమ కాలి బొటనవేలు మొదట్లో, లోపలి వైపు ఎముక ఉబ్బి, వేలేమో రెండో వేలి వైపుకి వాలిపోయింది. రెండో వేలు పైకి లేచి మెట్టె దగ్గర ఒరుసుకుని పుండు పడేది, మానేది, మళ్లీ పడేది. ఇంట్లో అందరూ ఎముక పెరిగింది అనేవాళ్లు, మా అమ్మకూ ఇలాగే ఉండేది. డాక్టర్ తెర మీద ఎక్స్‌రే పెట్టి చూపించాక తెలిసింది, అక్కడ కొత్తగా ఎముకేమీ పెరగలేదు. పాదంలో బొటనవేలికి వెనకాల ఉండే పొడవాటి ఎముక మెల్లమెల్లగా లోపలి వైపుకి జరుగుతుంది, వేలేమో దానికి ఎదురు దిక్కుకి వాలుతుంది, ఆ మధ్యలో కీలు పొడుచుకొచ్చి మనకి బొడిపెలా కనిపిస్తుంది. దీన్నే ఇంగ్లిష్‌లో బనియన్ (bunion) అంటారు, రిపోర్టులో హాలక్స్ వాల్గస్ అని రాస్తారు. కాబట్టి "ఆ పెరిగింది చెక్కేస్తే పోతుంది" అని ఎవరైనా చెప్తే నమ్మకండి, ఎముకని దాని చోటికి జరపకుండా ఉబ్బు ఒక్కటీ చెక్కితే వేలు మళ్లీ వాలుతుంది. ఇరుకు బూట్లు, హైహీల్స్ దీన్ని ఎక్కువ చేస్తాయి గానీ చాలామందికి ఇది కుటుంబంలోనే వస్తుందట, నా విషయంలో అదే.

ఆపరేషన్ దాకా వెళ్లేముందు చేయాల్సినవన్నీ చేశాను, మీరూ చేయండి. వెడల్పు చెప్పులు, వేళ్ల మధ్య పెట్టుకునే సిలికాన్ ముక్క, రాత్రి కట్టుకునే పట్టీ. ఇవి ఒరిపిడిని, నొప్పిని తగ్గిస్తాయి, నాకూ కొంతకాలం బాగానే ఆదుకున్నాయి. పెద్దవాళ్లలో వాలిన ఎముకను మాత్రం ఇవి నిలబెట్టవు. అయినా వీటితో రోజు గడిచిపోతుంటే ఆపరేషన్ అక్కర్లేదు. చూడ్డానికి బాగోలేదు, పెళ్లిళ్లకు హీల్స్ వేసుకోలేకపోతున్నాను అన్న కారణాలతో ఎముక కోయించుకోవద్దని నాకు చేసిన డాక్టరే మొదటి రోజు చెప్పారు. అప్పుడే ఆయన మీద నమ్మకం కుదిరింది.

అంతకుముందు ఒక క్లినిక్‌కి వెళ్లాను, పేరు వద్దు. అక్కడ బల్ల మీద పడుకోబెట్టి ఎక్స్‌రే తీసి, డాక్టర్ నా కాలు చేత్తో పట్టుకోకుండానే "కీహోల్‌లో చేసేద్దాం అమ్మా, ప్యాకేజీ మా కోఆర్డినేటర్ చెప్తుంది" అన్నారు. కీహోల్ అంటే ఈ చిన్న కోత పద్ధతే. కోఆర్డినేటర్ అమ్మాయి ఆ రోజే అడ్వాన్స్ కట్టేస్తే డిస్కౌంట్ అంది. కాలు ఆపరేషన్‌కి పండగ ఆఫర్ ఏంటని చాలా కోపం వచ్చింది, లేచి వచ్చేశాను. రెండో చోట నిలబెట్టి తీశారు. ఈ తేడా చాలా పెద్దది, దయచేసి గుర్తుపెట్టుకోండి. ఒంటి బరువు పడినప్పుడే ఎముకలు అసలు ఎంత జరుగుతున్నాయో తెలుస్తుంది, పడుకుని తీస్తే కోణం తక్కువగా కనబడొచ్చు. డాక్టర్ తెర మీద రెండు గీతలు గీసి కోణం కొలిచారు. వేలు వాలిన కోణం 15 డిగ్రీల లోపు ఉంటే మామూలే, 40 దాటితే తీవ్రమైనది, నాది ఆ మధ్యలో. తర్వాత వేలిని పైకీ కిందికీ ఆడించి కీలు అరిగిందా అని చూశారు, పాదం మధ్యలో పట్టుకుని ఆ ఎముక మొదలు వదులుగా ఊగుతోందా అని చూశారు, పాదంలో నాడి చూశారు, షుగర్ అడిగారు, ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా అని కూడా అడిగారు. కీలు బాగా అరిగిపోయినా, మొదలు మరీ వదులైనా ఈ చిన్న కోత పద్ధతి సరిపోకపోవచ్చట, అప్పుడు కీలునే అతికించే ఆపరేషన్లు ఉంటాయి. బనియన్‌కి వందకు పైగా ఆపరేషన్ పద్ధతులు పుస్తకాల్లో ఉన్నాయంటే, ఏ ఒక్కటీ అందరికీ పనికిరాదనే కదా అర్థం. అందుకే పెద్ద కోతా చిన్న కోతా రెండూ చేసే డాక్టర్ దగ్గరికే వెళ్లండి. ఒక్కటే చేసేవాళ్లకి మన కాలు ఎలా ఉన్నా అదే సరిపోయినట్టు కనిపించే ప్రమాదం ఉంది.

మా అబ్బాయికి అన్నీ చదివే అలవాటు. బ్రిటన్‌లో వైద్య పద్ధతుల్ని పరిశీలించే నైస్ అనే సంస్థ 2010లో ఈ చిన్న కోత బనియన్ ఆపరేషన్ మీద ఆధారాలు సరిపడా లేవని, పేషెంట్‌కి ఆ సంగతి చెప్పి మాత్రమే చేయాలని రాసిందని పట్టుకొచ్చాడు. ఇంట్లో ఒకటే టెన్షన్. అదే కాగితం డాక్టర్ ముందు పెట్టాను. ఆయన విసుక్కోలేదు. అప్పట్లో చాలామంది ఎముకని కోసి, జరిపి, ఒక తీగ గుచ్చి వదిలేసేవాళ్లని, ఇప్పుడు స్క్రూలతో గట్టిగా బిగిస్తున్నారని, అందుకే ఈ పద్ధతిని మూడో తరం అంటారని చెప్పారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనల్లో వేలు సరికావడం రెండు పద్ధతుల్లోనూ ఇంచుమించు ఒకటేనట, చిన్న కోతలో మొదటి రోజుల నొప్పి తక్కువ, మచ్చ చిన్నది, ఏడాది గడిచాక రెండింటికీ పెద్ద తేడా ఉండదు. "డాక్టర్ చేతి అనుభవం మీద చాలా ఆధారపడుతుందమ్మా, నేర్చుకునే రోజుల్లో ఎవరికైనా తప్పులు ఎక్కువే" అని కూడా ఆయనే అన్నారు. మీరు ఎన్ని చేశారు సార్ అని అడిగాను, చెప్పారు. అడగడానికి మొహమాటపడకండి, కాలు మనది.

కీహోల్ అనగానే అందరూ లోపలికి కెమెరా వెళ్తుంది అనుకుంటారు. మడమ పైన చీలమండ కీలుకి చేసేదాంట్లో కెమెరా వెళ్తుంది, దాన్ని ఆర్థ్రోస్కోపీ అంటారు, నా పక్క బెడ్‌లో ఉన్న ఆటో డ్రైవర్ భార్యకి అదే, చీలమండ బెణికి బెణికి లిగమెంట్ పాడైపోయింది. బనియన్‌లో కెమెరా ఉండదు. నాలుగైదు మిల్లీమీటర్ల గాట్లు కొన్ని పెట్టి, సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే మెషీన్‌లో చూసుకుంటూ పని చేస్తారు. రెండు మిల్లీమీటర్ల మందం ఉండే బర్ అనే పనిముట్టుతో ఎముకని కోస్తారు, పళ్ల డాక్టర్ దగ్గర డ్రిల్ తిరిగినట్టే ఉంటుంది గానీ చాలా నెమ్మదిగా, బలంగా తిరుగుతుందట. వేడికి ఎముక, చర్మం కాలిపోకుండా సెలైన్ పోస్తూనే ఉంటారు. ఎముక కోశాక దాని తల భాగాన్ని చిటికెన వేలి వైపుకి నెట్టి రెండు టైటానియం స్క్రూలు, బొటనవేలి ఎముకలోనే ఇంకో చిన్న కోత పెట్టి అక్కడ ఒక స్క్రూ. మొత్తం మూడు. ఇబ్బంది పెట్టకపోతే అవి జీవితాంతం లోపలే ఉంటాయి.

నాకు మోకాలి వెనక ఇంజెక్షన్ ఇచ్చి పాదం మొద్దుబారేలా చేశారు, కాస్త మత్తు కూడా ఇచ్చారు. థియేటర్‌కి తీసుకెళ్లేముందు మెట్టెలు తీయాలన్నారు. ఇది చెప్పి తీరాలి, ఎందుకంటే ఎవరూ చెప్పరు. వాలిన వేలి ఒత్తిడికి నలిగి నలిగి నా రెండో వేలు వాచిపోయి ఉంది, మెట్టె కదలదు. కట్ చేస్తామని వార్డ్‌బాయ్ కటింగ్ ప్లేయర్ పట్టుకొచ్చాడు. మా అత్తయ్య ముఖం చూస్తే నాకే ఏడుపొచ్చింది. ఒక పెద్ద వయసు నర్సమ్మ అతన్ని పక్కకి పంపి, వేలి చుట్టూ దారం దగ్గరదగ్గరగా చుట్టి, సబ్బునీళ్లు రాసి, దారం కొసని మెట్టె కింద నుంచి లాగుతూ విప్పుతుంటే మెట్టె ఆ దారం మీదుగా కొంచెం కొంచెం జారి బయటికొచ్చింది. ఎంత ఓపికో ఆవిడకి. అత్తయ్య మెట్టెల్ని పసుపు గుడ్డలో కట్టి బొడ్లో దోపుకున్నారు. మీరైతే ఆపరేషన్‌కి ముందే ఇంట్లో తీయించుకుని వెళ్లండి, ఆ టైమ్‌లో ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఆ సాయంత్రమే నడిపించారు. ప్రకటనలో నిజమైన ముక్క ఇదే, దీనికే నేను అంత ఎక్కువ మార్కులు ఇచ్చింది. గట్టి అడుగు ఉన్న బూటు వేసి, బరువు మడమ మీద పెట్టి, పాదం అంచు మీద నడవమన్నారు, బాత్‌రూమ్ దాకా నా అంతట నేనే వెళ్లొచ్చాను. మా ఆడపడుచుకి చాలా ఏళ్ల కిందట పెద్ద కోతతో చేశారు, ఆవిడ వారాల తరబడి కాలు కింద పెట్టలేదు, నాకది కళ్లారా తెలుసు. అయితే ఆ రాత్రి సంగతి కూడా వినండి. మొద్దుబారినతనం దిగేదాకా హాయిగా ఉంటుంది, దిగాక ఒక్కసారిగా సలుపు మొదలవుతుంది. అది దిగకముందే నొప్పి మాత్ర వేసుకోవాలి. నా డ్యూటీ నర్సు "నొప్పి వస్తే పిలవండి" అని వెళ్లిపోయింది, వచ్చాక పిలిస్తే మందు పనిచేసేసరికి తెల్లారబోయింది. ఇది ఆస్పత్రి లోపమే. మీరు ఏ టైమ్‌కి ఏ మాత్ర అని ముందే రాయించుకోండి.

ఇంటికొచ్చాక అసలు పరీక్ష. మొదటి రెండు వారాలు కాలు గుండె కంటే ఎత్తులో పెట్టుకుని ఉండాలి. కాలు కిందికి వేలాడదీస్తే చాలు, వేళ్లు వంకాయ రంగుకి తిరిగి కట్టు బిగుసుకుపోతుంది. కట్టు వాళ్లే విప్పాలి, మనం విప్పకూడదు, ఎందుకంటే వేలిని సరైన కోణంలో పట్టి ఉంచేది ఆ కట్టే. తడవకూడదు. వానాకాలం, బయటికి అడుగు పెడితే మా వీధిలో మోకాలి దాకా నీళ్లు, స్నానానికి కాలికి ప్లాస్టిక్ కవర్ చుట్టి టేపు వేసి స్టూల్ మీద కాలు చాపుకుని కూర్చోవడం.

మన ఇళ్లకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఆ బూటు ఆరు వారాల పాటు ఇంట్లో కూడా వేసుకునే నడవాలి. మనం గడప దగ్గరే చెప్పులు విప్పే మనుషులం. వంటింట్లోకి బూటుతో ఎలా వెళ్తావు, దేవుడి గదికి ఎలా వెళ్తావు అని మొదట్లో నాకే మనసొప్పలేదు. చెప్పులు విప్పి నాలుగడుగులే కదా అని నడిచేవాళ్లు చాలామంది ఉంటారని, ఆ నాలుగడుగుల్లోనే ఎముక కదలొచ్చని డాక్టర్ గట్టిగా చెప్పారు. మేం చేసింది ఏంటంటే, బూటు అడుగుని డెటాల్ గుడ్డతో తుడిచి ఇంట్లోకి ఒకటే వాడాం, బయటికి వెళ్లేటప్పుడు దాని మీద కవర్ తొడిగాం. దేవుడి గది ముందు కుర్చీ వేసుకుని కూర్చుని దీపం అత్తయ్య చేత వెలిగించాం. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నా బూటు మాత్రం విప్పొద్దన్నారు, గొంతుక్కూర్చోవడం అయితే పూర్తిగా వద్దు, ఎందుకంటే గొంతుక్కూర్చుంటే బొటనవేలు వెనక్కి విరిగినట్టు వంగుతుంది. ఇండియన్ టాయిలెట్ ఉన్న ఇళ్లవాళ్లు ముందే కమోడ్ కుర్చీ తెచ్చిపెట్టుకోండి. ఈ మాటలేవీ ఆస్పత్రి ఇచ్చిన కాగితంలో లేవు. ఆ కాగితం మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది, అందులో "మీ సోఫాలో కుషన్లు పెట్టుకోండి" అని ఉంది గానీ నేల మీద కూర్చునేవాళ్ల గురించి, గుడికి వెళ్లేవాళ్ల గురించి ఒక్క లైనూ లేదు. లక్షలు తీసుకునేవాళ్లు తెలుగులో రెండు పేజీలు అచ్చువేయలేరా? వార్డులో సగం మందికి ఆ కాగితం పనికిరాలేదు, నేను చదివి వినిపించాను. ఆస్పత్రి సర్వీసుకు ఐదులో తగ్గించిన రెండు మార్కుల్లో ఒకటి దీనికే.

ఇంకోటి బూటుకీ డిశ్చార్జ్‌కీ. ఆపరేషన్ అయ్యాక వాళ్ల స్టోర్‌లో ఆడవాళ్ల సైజు లేదన్నారు, మగవాళ్ల బూటు ఇచ్చారు, అందులో పాదం అటూ ఇటూ జారుతోంది. మా ఆయన ఆ వానలో కోఠి వెళ్లి సర్జికల్ షాపులన్నీ తిరిగి నా సైజు తెచ్చారు. ఆపరేషన్ తేదీ నెల ముందే ఖాయమైనప్పుడు బూటు సైజు ముందే చూసుకోవద్దా! డిశ్చార్జ్ అని పొద్దున చెప్పి, ఇన్సూరెన్స్ అప్రూవల్ అని చీకటి పడేదాకా కూర్చోబెట్టారు. ఖర్చు లక్షన్నర పైన అయింది, అందులో స్క్రూలదే పెద్ద వాటా. ఎస్టిమేట్ ఒకే అంకెగా ఇస్తే ఒప్పుకోకండి, సర్జన్ ఫీజు, స్క్రూలు, థియేటర్, రూమ్ అని విడివిడిగా రాసివ్వమనండి. స్క్రూల ప్యాకెట్ మీద ఉండే స్టిక్కర్లు కేస్ షీట్‌లో అంటించారో లేదో చూసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లు అవి అడుగుతారు, రేపు ఎప్పుడైనా స్క్రూ తీయాల్సి వస్తే ఏ కంపెనీది, ఏ సైజుది అన్నది కూడా వాటితోనే తెలుస్తుంది. పాలసీ కొత్తదైతే ఈ ఆపరేషన్‌కి వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ రాకుండా ఆగాల్సిన కాలం) ఉందా, ఇది అందం కోసం చేసింది అని క్లెయిమ్ తిప్పికొట్టకుండా నొప్పి, పుండు, నడక ఇబ్బంది గురించి డాక్టర్ నోట్స్‌లో స్పష్టంగా ఉందా, ఇవి ముందే చూసుకోండి.

రెండు వారాలకి కుట్లు తీశారు. అవును, కుట్లు ఉన్నాయి, ఒక్కో గాటుకి ఒకటో రెండో. అప్పటినుంచి వేలు వంచే ఎక్సర్‌సైజులు. దీన్ని మాత్రం అశ్రద్ధ చేయొద్దు, చర్మం త్వరగా మానిపోయింది కదా అని ఊరుకుంటే కీలు బిగుసుకుపోతుంది. ఫిజియోథెరపీ అమ్మాయి నా వేలిని చేతిలోకి తీసుకుని పైకి లేపినప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరిగేవి, అయినా ఆ అమ్మాయి వల్లే ఇవాళ నేను మునివేళ్ల మీద లేచి పై అరలో డబ్బా అందుకోగలుగుతున్నాను. ఆరు వారాలకి ఎక్స్‌రే చూసి బూటు విప్పించారు, వెడల్పు స్పోర్ట్స్ షూస్‌లోకి మారాను. వేళ్ల మధ్య పట్టీ వచ్చే హవాయి చెప్పులు ఇంకొన్నాళ్లు వద్దన్నారు.

కర్రీ పాయింట్ సంగతికొస్తే, కౌంటర్ దగ్గర ఎత్తు స్టూల్ వేసుకుని డబ్బులు తీసుకోవడం నెలన్నరకి మొదలుపెట్టాను, పొయ్యి దగ్గర నిలబడటం మూడో నెల దాటాకే. డెస్క్ ఉద్యోగం వేరు, నిలబడే పని వేరు. టీచర్లు, చీరల షాపుల్లో పనిచేసేవాళ్లు, పార్లర్‌వాళ్లు, నర్సులు, మీకెవరైనా వారంలో పనిలోకి వెళ్లొచ్చని చెప్తే అది మీ పని గురించి తెలియక చెప్పిన మాట. చర్మం పది పదిహేను రోజుల్లో మానుతుంది, ఎముక అతుక్కోవడానికి ఏ పద్ధతిలో చేసినా వారాల టైమ్ పడుతుంది. వాపు అయితే సాయంత్రానికి నెలల తరబడి వస్తూనే ఉంటుంది, కొందరికి ఏడాది దాకా ఉంటుందట. కుడి కాలికి చేయించుకున్నవాళ్లు బ్రేక్ గట్టిగా తొక్కగలిగేదాకా బండి తీయకూడదు.

నాకు మిగిలిన ఇబ్బంది ఒకటే, బొటనవేలి లోపలి అంచున రూపాయి బిళ్లంత చోట స్పర్శ తక్కువ. అక్కడ సన్నటి నరం ఉంటుంది, దానికి దెబ్బ తగలొచ్చని సంతకం పెట్టేముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. స్క్రూ తల చర్మం కింద తగలడం, ఇన్ఫెక్షన్, ఎముక ఆలస్యంగా అతుక్కోవడం, వేలు మళ్లీ వాలడం, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టడం, ఇవన్నీ ఈ ఆపరేషన్‌లోనూ ఉన్నాయి. షుగర్ కంట్రోల్‌లో లేనివాళ్లకి, పొగ తాగేవాళ్లకి ఇంకా ఎక్కువ. కోత చిన్నదని ఈ లిస్టు చిన్నదైపోదు. పిక్కలో గట్టి నొప్పి, వాపు, ఆయాసం వస్తే మర్నాడు చూద్దాంలే అనుకోకుండా వెంటనే వెళ్లండి.

రెండో వేలు కింద కూర్చుంది, పుండు మళ్లీ పడలేదు, మెట్టెలు కాస్త వదులు సైజులో కొత్తవి చేయించుకున్నాను. కుడి కాలికీ బొడిపె మొదలైంది గానీ నొప్పి లేదు, కోణం కూడా తక్కువే. రెండూ ఒకేసారి చేసేద్దామని మొదటి క్లినిక్‌లో అన్నారు, ఇక్కడి డాక్టర్ మాత్రం నొప్పి పెట్టేదాకా దాన్ని ముట్టుకోవద్దని, వెడల్పు చెప్పులు వేసుకుని ఏడాదికోసారి నిలబడి ఎక్స్‌రే తీయించుకోమని చెప్పారు. అలాగే చేస్తున్నాను.